గుండీ పావురం

ఆ రోజు ఇంట్లో ఎవరెవరు ఉన్నారని ఎవరైనా అడిగితే కామాక్షి వేళ్లు మడిచి చెప్పగలదు. నడిమి గదిలో మంచం మీద తాత పెంచలయ్య, కళ్లు తెరుచుకునే, మాట లేకుండా. ఆయన ముక్కులోని గొట్టం సర్దుతూ అమ్మ సుభద్ర. వసారాలో పెదనాయన మాల్యాద్రి, ఫోను చెవికి ఆనించుకుని. ఫోనుకు అవతల నాయన, లారీ తోలుకుంటూ నాగపూరు దారిలో. ఆయన్ని ఉన్నట్టు లెక్కేయాలో లేనట్టు లెక్కేయాలో ఆమెకు తెలియలేదు. తిరుపతి నుంచి వచ్చిన మేనత్త వసుంధర. ఆమె వెంట ఆస్పత్రి కమిటీ తరఫున వచ్చిన డాక్టరుగారు. ముందు గదిలో స్తంభం పక్కన కామాక్షి. ఇంకా, కిటికీ కింద, దుప్పటి కప్పిన బల్ల.

బల్లను కూడా మనుషుల లెక్కలో చేర్చాల్సి వస్తుందని ఆ పొద్దున ఆమె అనుకోలేదు.

"మొదలుపెడదామా?" అన్నారు డాక్టరుగారు.

అత్త దుప్పటి తీసింది. ఉదయగిరి కొండ బయటపడింది. కొండంతా ఆరు మూలల గడులు. పైన కోట, కింద అడవి, ఉత్తరాన గజపతి రాజధాని కటకం వైపు పోయే దారి. కోటలో గజపతి సేన ఎర్ర బిళ్ళలు, కొండ చుట్టూ రాయల సేన పసుపు బిళ్ళలు. కోట నడుమ గాదె, దాని పక్కన ఒకే ఒక తెల్ల బిళ్ళ. అది తెల్లజెండా. కోట వైపు ఆడేవాళ్లు దాన్ని తలుపు గడిలోకి జరిపితే కోట ఇచ్చేసినట్టు.

"భయపడకు కామూ," అంది అత్త. "ఎప్పుడూ తాతతో ఆడినట్టే ఆడు. అవతల తాతే ఉన్నాడనుకో."

"ఉన్నాడనుకోవడమేంది? ఉండాడా, లేడా?" అన్నాడు పెదనాయన వసారాలోంచి.

"అది చెప్పాల్సింది కామాక్షే అన్నయ్యా. అందుకే కదా ఈ ఆట."

కామాక్షి స్తంభం వదిలి వచ్చి పీట మీద కూర్చుంది. అందరూ తననే చూస్తున్నారన్న ఆలోచనకే ఆమె చెవులు వేడెక్కాయి. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికే పలుకు మాస్టారి దాకా చేరేది కాదు. బెంచీ మీద కూర్చుని ఉండగానే ఆమెకు గైర్హాజరు పడిన రోజులు చాలా ఉన్నాయి. లేచి, "నేను ఉండాను సార్" అని చెప్పడం కంటే లేనట్టు ఉండిపోవడమే ఆమెకు తేలిక.

ఆ ఆటను కనిపెట్టింది తాత. సర్వే డిపార్ట్‌మెంటులో పనిచేసినన్నాళ్లూ కొలిచిన కొండనే, రిటైరయ్యాక అట్ట మీద గీశాడు. స్నేహితుడు ఖాదర్ బాషా సబ్‌రిజిస్ట్రారుగా చేసి దిగినవాడు. ఇద్దరూ కూర్చుని రాయల కాలపు ముట్టడిని ఆటగా మార్చారు. ఆట కంటే నియమాలు ఎక్కువయ్యాయి. కొండ గడిలోకి ఏనుగు ఎక్కాలంటే ముందు బాట కొట్టేవాళ్లు అక్కడ ఒక వంతు నిలబడి ఉండాలి. అయితే వానాకాలపు వంతుల్లో కొట్టిన బాట బాట కింద లెక్కకు రాదు. అయితే ఆ గడి పడమటి వాలులో ఉంటే వస్తుంది. అయితే అక్కడ గజపతి విలుకాళ్లు పొంచి ఉంటే మళ్లీ రాదు. ఎన్ని "అయితే"లు దాటితే ఒక ఏనుగు ఒక గడి కదులుతుందో చెప్పగలిగినవాళ్లు ఆ ఇద్దరే. ఒక్కోసారి వాళ్లూ చెప్పలేక గంటలకొద్దీ పోట్లాడుకునేవాళ్లు.

అత్తకు కావలసింది సరిగ్గా ఆ తికమకే.

"తేలిక ఆటలో మనిషి నటిస్తాడు నాన్నా," అని ఆమె తాను తయారుచేసిన ఈ బల్ల తెచ్చిన రోజున తాతతో చెప్పింది. "నీ ఆటలో నటించే తీరిక ఉండదు. బుర్ర అంతా నియమాల్లో చిక్కుకుని ఉంటే, చెయ్యి మాత్రం తన బుద్ధి తాను చూపిస్తుంది. దీని మీద ఆడు. నీ చెయ్యిని ఇది నేర్చుకుంటుంది."

బల్ల చెక్క కింద ఒక సన్నని వల ఉంది. ప్రతి బిళ్ళ పొట్టలో ఆవగింజంత పూస. ఏ బిళ్ళను ముట్టుకుని వదిలేశావు, ఏ గడి మీద వేలు ఆగింది, ఎప్పుడు వణికింది, ఎప్పుడు తెగించింది, అన్నీ ఆ వల పట్టుకునేది. ఆటలు పేరుకునే కొద్దీ బల్ల లోపల ఒక నకలు తయారయ్యేది. చివరికి ఆ మనిషి ఎదుట లేకపోయినా, బిళ్ళలు వాటంతట అవే కదిలి ఆయనలాగే ఆడేవి. మాట పడిపోయిన మనిషి ఏం కోరుకుంటాడో ఆయన నకలును అడిగి తెలుసుకోవచ్చని అత్త వాదించింది. ఆస్పత్రుల కమిటీ ఒప్పుకుంది. ఇప్పటికే కొన్ని ఇళ్లలో బల్ల మాట చెల్లింది.

ఖాదర్ బాషా మాత్రం ఈ బల్ల మీద వేలు పెట్టలేదు. "నా చేతి కింద ఎవరో నక్కి ఉన్నట్టుందమ్మా వసుంధరా," అని నవ్వి, తన ఇంట్లో అట్ట మీదే ఆడతానన్నాడు. తాత సాయంత్రాలు ఖాదర్ బాషా ఇంటికి పోయి అట్ట మీద ఆడేవాడు. సెలవు రోజుల్లో మనవరాలితో బల్ల మీద ఆడేవాడు. బల్ల మీద ఆయనతో ఆడినది కామాక్షి ఒక్కతే.

పదకొండు రోజుల కిందట తాత పెరట్లో మొహం కడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడు. తలలో నెత్తురు గడ్డ కట్టిందన్నారు నెల్లూరులో. మద్రాసు తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే మనిషి కొంత దక్కవచ్చు, ఆపరేషన్ మధ్యలోనే పోనూవచ్చు, ఇట్లాగే మిగలనూవచ్చు. చేయించాలంటే ఇంక ఆలస్యం చేయకూడదు. వద్దనుకుంటే గొట్టాలు తీసేసి నొప్పి తెలియకుండా మందు ఇస్తామన్నారు. ఈ వయసులో కోతలెందుకన్నాడు పెదనాయన. మామయ్యకు ఇంకా తెలివి ఉందని, ఆయన అరచేతిలో తను వేలు పెడితే పట్టుకుంటున్నాడని అంది అమ్మ. కోడలి మాట ఎవరూ పట్టించుకోలేదు. "అక్క ఎట్ట చెప్తే అట్ట," అన్నాడు నాయన ఫోనులో. "నేను చెప్పను, నాన్నే చెబుతాడు," అంది అత్త.

కామాక్షి మొదటి పసుపు బిళ్ళను జరిపింది.

కొంచెంసేపు ఏమీ కాలేదు. తర్వాత కోటలోని ఏనుగు బిళ్ళ ఉన్నచోటే చిన్నగా అదిరింది. కదలబోయి ఆగింది. దాని పక్కనున్న విలుకాళ్ల బిళ్ళ జారి పడమటి వాలులోకి పోయింది. కామాక్షి ముందుకు వంగింది. తాత అంతే! ముందు ఏనుగును ముట్టుకుంటాడు, "వద్దులే, ముసలిది, పడుకోనీ" అంటాడు, విలుకాళ్లను పంపుతాడు. మంచం మీద పదకొండు రోజులుగా రాయిలా పడి ఉన్న మనిషి ఇక్కడ, ఈ కిటికీ వెలుతురులో, వేలు ఆడిస్తున్నట్టే ఉంది. ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వానాకాలపు వంతు రాగానే నకలు కాపలా దళాన్ని పొదల గడిలో దాచింది. అదీ తాతే. ఎన్నిసార్లు దొరికిపోయినా అక్కడే దాస్తాడు.

గాదెలో గింజలు సగమయ్యాయి. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే బల్ల అరలోని మాత్రల డబ్బాలోకి పోయింది. అందులో గుండీ ఉంది. తాత పాత ఖాకీ చొక్కాదిది, అంచు విరిగిన నల్ల గుండీ. అది పావురం.

గాదె సగమైనప్పుడు కోట నాయకుడు కటకానికి పావురాన్ని పంపాలి. అది తాత చెప్పిన నియమం. గుండీని కటకం దారి మీద పెట్టేవాడు. తర్వాత దాన్ని తీసి, చేతులు వీపు వెనక్కి పోనిచ్చి, రెండు పిడికిళ్లూ ముందుకు చాపేవాడు. "అమ్మణ్ణీ, పావురం ఏ గూట్లో ఉందో కోరుకో." ఆమె కోరుకున్న పిడికిలిలో గుండీ ఉంటే కోటకు సాయం వచ్చినట్టు. లేకపోతే ఎవరూ రానట్టు, కోట ఇచ్చేయాల్సిందే. ఆమె ఏ పిడికిలి పట్టుకున్నా అది ఖాళీయే. "నీ అదృష్టమే అదృష్టం!" అని తాత నెత్తి కొట్టుకుని తెల్లజెండా జరిపేవాడు. "గెలిచినావు కదా, ఏదీ, వీధి చివరికి వినపడేట్టు అరువు!" ఆమె మొదట్లో గొణిగేది. తర్వాత్తర్వాత అరిచేది. గొడ్లను తోలుకుపోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా. తాత లేచి నిలబడి పంచె మడతలోంచి గుండీ తీసి డబ్బాలో వేసేవాడు. "పావురం ఇంటికి చేరింది," అనేవాడు.

ఆమె గుండీని కటకం దారి మీద పెట్టింది. బల్ల కిమ్మనలేదు. ఇప్పుడు పిడికిలి ఎవరు మూయాలి, ఎవరు కోరుకోవాలి అని ఆమె ఆలోచిస్తుండగానే తెల్ల బిళ్ళ కదిలింది. వెళ్లి తలుపు గడిలో ఆగింది.

"మీ తాతగారు ఇలాగే ఆడేవారా?" అని అడిగారు డాక్టరుగారు.

ఆమె తల ఊపింది.

"నోటితో చెప్పాలమ్మా. రికార్డు అవుతోంది."

"అవును," అంది కామాక్షి. "ఇట్టనే ఆడేవాడు. మా తాతే ఇది." ఆ మాట గోడకు తగిలేంత గట్టిగా వచ్చింది. ఆమె తానే ఉలిక్కిపడింది.

"శభాష్," అన్నాడు పెదనాయన. "పిల్లకు గొంతుందే!"

అత్త ఆమె జడ నిమిరింది. కామాక్షి గుండీని తీసి లంగా నడుం మడతలో దోపుకుని లేచింది. తర్వాత పీట మీద తాను కూర్చుని బిళ్ళలు కొత్తగా పేర్చింది. గాదె సగానికి దిగువన. కోట గోడ ఒకచోట పగిలి ఉంది. ఉత్తరాన సాయపు దళం ఒకటి, అది చేరుతుందో లేదో పాచిక మీద ఆధారపడి ఉంది. చేరినా కోట మునుపటిలా ఉండదు, సగం బురుజులు పోయినట్టే లెక్క. ఎదురు చూస్తాడా, ఇచ్చేస్తాడా? పెదనాయన వసారాలోంచి లోపలికి వచ్చాడు. అమ్మ గడప దగ్గర నిలబడింది.

ఏనుగు అదరలేదు. ఏ బిళ్ళా తడబడలేదు. తెల్లజెండా నేరుగా తలుపు గడిలోకి పోయింది.

అత్త గాదెను కొంచెం నింపి పేర్చింది. తెల్లజెండా కదిలింది. పగిలిన గోడను బాగుచేసి పేర్చింది. తెల్లజెండా కదిలింది.

"చూశారా?" అంది ఆమె డాక్టరుగారితో. "సందేహమే లేదు. మా నాన్న బలవంతంగా నిలబడే మనిషి కాదు. చేతిలో గింజలుండగానే, గౌరవంగా, తలుపు తీసే మనిషి."

పెదనాయన కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. కానీ ఆ ఏడుపులో ఏదో దింపుకున్నవాడి ఊపిరి ఉంది. "మనం అనలా సుభద్రా. నాయనే అన్నాడు. రేపు ఎవరైనా అడిగితే మనం అన్నామని చెప్పబాకండి. ఆయనే అన్నాడు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంది.

"సాయంత్రం సంతకాలు చేసేద్దాం," అన్నారు డాక్టరుగారు. "గొట్టాలు ఇవాళే తీసేయవచ్చు."

అన్నాలయ్యాక అమ్మ కామాక్షిని పిలిచింది. "ఖాదర్ బాయికి ఒక మాట చెప్పిరా పో. ఆయనకు నడకలేదు, ఎవరినైనా బండి మీద తీసుకురమ్మను. కడసారి చూసుకుంటాడు."

కామాక్షి సైకిలెక్కింది. దారి పొడుగునా ఆమె తనకు తాను చెప్పుకుంది, తాతే కదా అన్నాడు, తాతే కదా. పొగాకు ఆరబెట్టే బేరన్లు దాటాక ఖాదర్ బాషా ఇల్లు. మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఆయన వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. ముందు స్టూలు మీద పాత అట్ట, దాని మీద ముట్టడి సగంలో ఆగి ఉంది. చుట్టూ పసుపు బిళ్ళలు. కోటలో బురుజు మీద ఒకే ఒక్క ఎర్ర బిళ్ళ.

"రా పాపా. ఎట్టుండాడు వాడు?"

ఆమె చెప్పింది. గుక్క తిప్పుకోకుండా, నేల చూస్తూ, బల్లను అడగడం, తెల్లజెండా కదలడం, సాయంత్రం సంతకాలు, అన్నీ చెప్పింది. ఖాదర్ బాషా వినీ వినగానే కుర్చీలోంచి లేవబోయి, మోకాళ్లు సహకరించక, మళ్లీ కూలబడ్డాడు.

"ఇచ్చేశాడా? ఎవురు, పెంచలయ్యా? గాదెలో గింజలుండంగా?"

"పావురం తిరిగి రాలేదు కదా తాతా. రాకపోతే ఇచ్చేయాల్సిందే కదా."

"ఏం పావురం?"

"కటకం పావురం. గాదె సగమయినప్పుడు పంపేది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "మా ఆటలో పావురం లేదే పాపా."

కామాక్షి నవ్వబోయింది. ఆయన మరిచిపోయి ఉంటాడనుకుంది. గుండీ సంగతి చెప్పింది. పిడికిళ్ల సంగతి చెప్పింది. ఖాదర్ బాషా మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు.

"ప్రతిసారీ ఖాళీ చెయ్యేనా నీకు దొరికింది?"

"ఊఁ. నా అదృష్టం అనేవాడు."

"రెండో చెయ్యి ఎప్పుడన్నా తెరిపించి చూసినావా?"

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. గెలిచిన సంబరంలో ఆమె అరుస్తుంటే తాత లేచి నిలబడేవాడు, పంచె మడతలోంచి గుండీ తీసేవాడు. పంచె మడతలోంచి. ఆటలో ఇంతసేపూ పిడికిట్లో ఉండాల్సిన గుండీ పంచె మడతలోకి ఎప్పుడు పోయిందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"దొంగనాయాలు," అన్నాడు ఖాదర్ బాషా. కళ్లనీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. "ఇక్కడికొచ్చి చెప్పేవాడు. 'ఖాదరూ, ఇయ్యాళ మా పిల్ల గెలిచి వీధంతా వినపడేట్టు అరిచిందిరా. పై నెలకు బడిలో కూడా అరుస్తుంది చూడు' అని. నేనేందో నువ్వే అంత బాగా ఆడుతున్నావనుకున్నా."

ఆయన స్టూలు మీది అట్టను చూపించాడు.

"ఇది చూడు. వాడు పడిపోయిన ముందు రోజు ఆట. కోటలో గింజ లేదు. ఒక్క దళం మిగిలుంది. ఇచ్చెయ్యి పెంచలయ్యా, కాఫీ తాగుదాం అన్నా. 'కాఫీ నువ్వు తాగు, కోట నాది' అన్నాడు. ఇట్టనే వదిలిపెట్టి పోయాడు, రేపొచ్చి ఆడతానని. ఇన్నేళ్లలో నా మీద ఒక్కసారి తెల్లజెండా ముట్టుకోలేదు వాడు. చచ్చిపోయే బిళ్ళను కూడా బురుజు మీద నిలబెట్టి చంపేవాడు. అసలా తెల్ల బిళ్ళ యాడుందో కూడా మాకు తెలవదు, ఎప్పుడో ఎలకెత్తుకుపోయుంటది."

బల్ల ఏం నేర్చుకుందో కామాక్షికి అప్పుడు అర్థమైంది. అది తాత చేతిని చూసింది. నోటి మాట వినలేదు. పొట్టలో పూస లేని గుండీ దాని కంటికి ఆనలేదు. దానికి కనపడినదల్లా ఒకటే, గింజలుండగా, గోడలుండగా, ప్రతి ఆటలోనూ తెల్లజెండా జరిపే ముసలివాడు. ఆయన ఎవరి కోసం జరిపాడో దానికి తెలియదు. ఆ ఎవరో పొద్దున వచ్చి, అవును, మా తాతే ఇది అని, గోడకు తగిలేంత గట్టిగా చెప్పింది.

ఖాదర్ బాషా ఫోను తీశాడు. ఆమే నంబరు నొక్కి, ఇద్దరికీ వినపడేట్టు పెట్టింది. అత్త ఎత్తింది.

"అమ్మా వసుంధరా, సంతకాలు ఆపు. మీ నాయన ఆ పిల్ల కోసం కావాలని ఓడిపోయాడు. నాతో ఆడినాయన వేరు. వాడు చివరి బిళ్ళ దాకా..."

"అంకుల్," అంది అత్త నెమ్మదిగా. "మీ బాధ నాకు తెలుసు. కానీ మీరు ఆడింది అట్ట మీద. దానికి ఏ ఆధారమూ లేదు. నేను బల్ల మీదికి రమ్మని ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని?"

"ఇప్పుడొస్తా. నన్ను ఎత్తుకుపోయి కూర్చోబెట్టండి. ఆ నకలుతో నేనాడతా."

"నకలు మీ జ్ఞాపకాన్ని బట్టి మారదు అంకుల్. చివరి చూపుకు రండి. బండి పంపమంటారా?"

ఫోను పెట్టేసింది. ఖాదర్ బాషా కామాక్షి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పో. నువ్వే అవునన్నావు, కాదని కూడా నువ్వే చెప్పాల. పో బిడ్డా, తొందరగా పో."

ఆమె సైకిలు తొక్కిన తొక్కుడుకు బేరన్ల దగ్గర గొలుసు ఊడింది. అక్కడే పడేసి పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి వసారాలో పెదనాయన కళ్లజోడు పెట్టుకుని సంతకం చేస్తున్నాడు. డాక్టరుగారు పక్కన నిలబడి వేలితో చోటు చూపిస్తున్నారు.

"కాదు!" అని అరిచింది కామాక్షి. "పొద్దున నేను చెప్పింది తప్పు! తాత ఇట్ట ఆడడు! నాతోనే ఓడిపోయాడు, నా కోసం! పావురం అబద్ధం!"

గొడ్ల కొట్టం దగ్గర ఎవరో ఆగి చూశారు. పెదనాయన కలం కాగితం మీదినుంచి ఎత్తాడు. "ఏందీ పిల్ల? పావురమేంది? పొద్దున నువ్వే కదే మా తాతే అన్నావు? అందరం విన్నాం కదా!"

"బెంగ పెట్టుకుంది," అన్నారు డాక్టరుగారు మెత్తగా. "ఈ వయసులో సహజమే. తన మాట వల్లే అనుకుంటోంది పాపం."

లోపల్నుంచి అమ్మ కేక వినపడింది. "వదినా, మామయ్య కళ్లు తిప్పతా ఉండాడు! పాప గొంతు విని తిప్పతా ఉండాడు!"

"అవి నరాల కదలికలమ్మా," అన్నారు డాక్టరుగారు, గుమ్మం వైపు తిరగకుండానే.

అత్త వసారాలోకి వచ్చింది. కామాక్షి భుజం పట్టుకుని ఇంటి పక్క సందులోంచి పెరటి గుమ్మం దాకా నడిపించింది. అక్కడ కుళాయి కింద తాత చెంబు ఇంకా బోర్లించే ఉంది. అత్త గడప మీద నిలబడింది. కామాక్షి కింద, తడి నేల మీద.

"కామూ, నా మాట విను. నువ్వు ఎవరినీ చంపలేదు. నిర్ణయం తాతది."

"తాతది కాదత్తా. ఆయన చేతిని చూసింది మీ బల్ల. ఎందుకు ఓడిపోయాడో చూడలా."

"మనుషులు ఎందుకు చేశారో ఎవరికీ తెలియదు. ఏం చేశారన్నదే లెక్క."

కామాక్షి నడుం తడుముకుంది. పొద్దుటి నుంచి గుండీ ఆమె లంగా నడుం మడతలోనే ఉంది. చేతులు వీపు వెనక్కి పోనిచ్చి, రెండు పిడికిళ్లు మూసి, అత్త ముందుకు చాపింది.

"కోరుకో అత్తా. పావురం ఏ గూట్లో ఉంది?"

అత్త మొహంలో రంగు మారింది. ఆమె చెయ్యి, అలవాటున్న చెయ్యిలా, దానంతట అదే వచ్చి ఎడమ పిడికిలిని తాకింది. కామాక్షి తెరిచింది. ఖాళీ.

"నీ అదృష్టమే అదృష్టం," అంది కామాక్షి. ఆ తర్వాత కుడి పిడికిలి కూడా తెరిచింది. అదీ ఖాళీ.

తర్వాత నడుం మడతలోంచి అంచు విరిగిన నల్ల గుండీ తీసి అరచేతిలో పెట్టింది.

అత్త దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదవులు కదిలాయి. "నాతో చింతపిక్క," అంది, ఎవరికీ కానట్టు. "చింతపిక్కతో ఆడించేవాడు నన్ను. పరీక్షకు భయపడి జ్వరం తెచ్చుకున్నప్పుడు. నేనూ ఎప్పుడూ గెలిచేదాన్ని." ఆమె గడప పట్టుకుంది. "రెండో చెయ్యి నేనూ చూడలేదు."

"అయితే చెప్పత్తా! పోయి వాళ్లకు చెప్పు! మద్రాసు తీసుకుపోదాం!"

అత్త కళ్లు గుండీ మీదినుంచి లేచాయి. ఆ కళ్లలో ఇప్పుడు ఈ పెరడు లేదు, ఈ ఇల్లు లేదు. ఎక్కడో వేరే ఇళ్లు ఉన్నాయి, వేరే కిటికీల కింద వేరే బల్లలు, వేరే మంచాలు, ఆయనే అన్నాడు కదా అని ఊపిరి పీల్చుకున్న వేరే కొడుకులు.

"ఇది తప్పని ఒప్పుకుంటే," అంది ఆమె చాలా చిన్నగా, "ముందు జరిగినవన్నీ ఏమౌతాయే కామూ? వాళ్ల పిడికిళ్లు ఎవరు తెరిచి చూశారు?"

"తాత బతికే ఉండాడు కదత్తా!"

నడిమి గదిలోంచి అమ్మ ఏడుపు పెద్దదైంది. వసారాలోంచి డాక్టరుగారు పిలిచారు. "మేడమ్, మీ సంతకం ఒక్కటే మిగిలింది."

"వస్తున్నా," అంది అత్త.

ఆమె వంగి కామాక్షి అరచేతిలోని గుండీ మీద వేళ్లు ఒక్కొక్కటే మడిచింది, పిడికిలి గట్టిగా మూసుకునేదాకా. ఒక్క క్షణం ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత వదిలేసి, ఒక అడుగు లోపలికి వేసి, ఆమె మొహం చూడకుండా తలుపు వేసింది. లోపల గడియ పడింది.